వార్చిన నీళ్ళు

ఎమ్మిగనూరులో మా అవ్వ వంటింటి గోడ మీద ఒక కణం బొమ్మ ఉంది. బొగ్గుతో గీసింది నేనే. కొత్తగా చూసినవాళ్ళు ఉబ్బిన పూరీ అనుకుంటారు. గ్యాసు సిలిండరు తెచ్చినాయన ఒకసారి "ఇది ఏ దేవుడవ్వా?" అని అడిగినాడంట. అవ్వ ఏం చెప్పిందో తెలీదు గానీ, ఆ శుక్రవారం నుంచి బొమ్మ నడుమన, కేంద్రకం మీద, కుంకుమ బొట్టు కనపడింది.

ఆదోనిలో ఒక జూనియర్ కాలేజీలో నేను వృక్షశాస్త్రం చెప్తాను. ఏటా ఇదే బొమ్మ బోర్డు మీద గీస్తాను. దానికి బొట్టు పెట్టిన విద్యార్థి మా అవ్వ ఒక్కతే. చెప్పిన పాఠాన్ని ఒక్క ముక్క పోకుండా పట్టుకున్న విద్యార్థి కూడా ఆమే. ఆ పాఠం మా మామ ప్రాణం తీసింది. పాఠం చెప్పినవాడికి ఏమీ కాలేదు. ఒకటో తారీకు జీతం కూడా వచ్చింది.

మామ అంటే అవ్వ కొడుకు, మా అమ్మకు తమ్ముడు. చేనేత మనిషి. మా అమ్మానాన్నలు హాలహర్వి దగ్గర సేద్యం చేస్తారు. ఐదో తరగతిలో నన్ను చదువుకని ఎమ్మిగనూరు తెచ్చి అవ్వ దగ్గర దింపి పోయినారు. ఆ ఇంట్లో నడిమి గది నిండా గుంత మగ్గమే. మనుషులు దాని చుట్టూ సర్దుకోవాల. మామ గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుంటే నడుము దాకా భూమిలో ఉన్నట్టు కనపడేవాడు. "సగం పూడ్సినారు, మిగతా సగం మీరు పెద్దోళ్ళయినాంక" అనేవాడు. పెళ్ళి ఏంటికి చేసుకోలేదని ఎవరన్నా అడిగితే, "మగ్గానికి సవతిని తెస్తే ఊరుకుంటాదా?" అనేవాడు.

నేను ఇంటర్ మొదటి ఏడు తప్పినప్పుడు అవ్వ కొంగు నోట్లో కుక్కుకొని ఏడుస్తాంటే, మామ మగ్గం మీద నాడె ఆపకుండానే అన్నాడు: "ఏడ్సొద్దులేమ్మా. ఇంకో సంవచ్చరం ఇంట్లోనే ఉంటాడు. నీళ్ళు మోసేదానికి మనిషి దొరికినాడు." అవ్వ ఏడుపు మధ్యలోనే నవ్వింది. మా ఇంట్లో పద్ధతి అది. ఎవరన్నా ఏడుపు ఉబ్బిస్తే, ఇంకొకరు సూదితో పొడిచి గాలి తీస్తారు. సూది మామ చేతిలో ఉండేది. ఆయన దగ్గర చూసి నేనూ ఒకటి సంపాదించుకున్నాను.

మామ రోగం సంగతి ఆలస్యంగా తెలిసింది. పొద్దున్నే మొహం ఉబ్బేది, సాయంత్రానికి కాళ్ళు. నేస్తా నేస్తా కునుకు తీసేవాడు. బీపీ ఎన్నేళ్ళ నుంచి ఉందో ఆయనకే తెలీదు, ఎప్పుడూ చూపించుకున్న పాపాన పోలేదు. ఆదోనిలో పరీక్షలన్నీ చేసి డాక్టరు రెండు మూత్రపిండాలూ ఎండిపోయినాయని చెప్పినాడు.

"రెండూ ఒకేసారా సార్?" అన్నాడు మామ. "ఒకటన్నా ముందుగా నోటీసు ఇయ్యకూడదా?"

డాక్టరు నవ్వలేదు. నేను నవ్వినాను. గది బయట అవ్వ నా నవ్వు విని, ఏం భయం లేదనుకొని, చెట్టు కింద కూర్చొని ఆకొక్క వేసుకుంది. తర్వాత ఆమెకు చెప్పడం నా పనయింది. చెప్పినాను. ఆకొక్క ఉమ్మేసి, నోరు కడుక్కొని, అప్పుడు ఏడ్చింది.

అప్పటి నుంచి సోమవారం, గురువారం డయాలసిస్. మామ పొద్దున బస్సుకు ఎమ్మిగనూరులో ఎక్కి ఆదోనిలో దిగేవాడు. నేను బస్టాండుకు పోయి దించుకొని, మిషన్ దగ్గర పడుకోబెట్టి, కాలేజీకి పోయి రెండు పీరియడ్లు చెప్పి మళ్ళీ వచ్చేవాడిని. ఎడమ చేతికి చిన్న ఆపరేషన్ చేసి, మిషన్ సూదులు గుచ్చేదానికి రెండు నరాలు కలిపి ఒకటి చేసినారు. దాని మీద వేళ్ళు పెడితే సీసాలో తుమ్మెదను మూసినట్టు గుర్రుమనేది. ఆ చేత్తో బరువు పని చేయొద్దన్నారు. ఒంటి చేత్తో నేసే మగ్గం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. కాబట్టి మగ్గం ఆగిపోయింది. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం నేను ముందెప్పుడూ వినలేదు. గోడ గడియారం ఉందని అప్పుడే తెలిసింది నాకు.

మొదటి రోజు మిషన్ పక్కన కట్టిన జానెడు ప్లాస్టిక్ గొట్టాన్ని మామ చాలాసేపు చూసినాడు. లోపల తెల్లటి సన్నపు పోగులు వేలకు వేలు, నూలు చిలప చుట్టినట్టు.

"ఇది ఎన్నో నంబరు నూలమ్మా?" అని అడిగినాడు మిషన్లు చూసుకునే అమ్మాయిని. ఆస్పరి ఊరి పిల్ల. నోరు గట్టిది.

"నూలు కాదు పెదనాయనా. గొట్టాలు. ఒక్కోటి లోపల బోలు."

"అన్నా అనొచ్చు గదా. పెదనాయనంట."

"ఒంట్లో నీళ్ళ తూకం తగ్గినాక అంటాలే."

నేను పాఠం మొదలుపెట్టినాను. పంతులు రోగం అది, కుదిరిన చోటల్లా తగులుకుంటుంది. "పోగు లోపల నీ రక్తం పోతుంది మామా. బయట నీళ్ళు పోతాయి. పోగు గోడకు కంటికి కనపడని సందులుంటాయి. చిన్నవి, అంటే యూరియా, పొటాషియం లాంటివి, ఎక్కువ ఉన్న దిక్కు నుంచి తక్కువ ఉన్న దిక్కుకు జరిగిపోతాయి. రక్తకణాలు పెద్దవి, సందుల్లో పట్టవు, లోపలే ఉంటాయి."

"ఎవురూ తోయకుండానే పోతాయా?"

"ఎవరూ తోయకుండానే. విసరణ అంటారు."

"మన కోసిగి జనం మిరపకాయల కోతకు గుంటూరు పోతాండ్లే, అట్ల."

"వాళ్ళను ఆకలి తోస్తుంది మామా."

"అయితే నీ విసరణ కంటే మనోళ్ళే మేలు. కారణముంది." అని కళ్ళు మూసుకున్నాడు. తెల్లటి పోగులు చూస్తుండగానే ఎర్రబడినాయి. "అద్దకం బాగా పట్టింది" అన్నాడు కళ్ళు మూసుకొనే.

గురువారాలు తిరుగు బస్సులో నేనూ ఆయనతో ఎమ్మిగనూరు పోయి, ఇంట్లో దించి, వచ్చే బస్సుకు వెనక్కి వచ్చేవాడిని. పత్తి కాలంలో ఆ రోడ్డు పొడుగునా ముళ్ళకంపలకు తెల్లటి పింజలు తగులుకొని ఉంటాయి, ఆదోని మిల్లులకు పోయే లారీల నుంచి ఎగిరినవి. ఒకసారి కిటికీ బయటికి చేయి పెట్టి ఒక పింజ లాగినాను. అందులోంచి ఒకే ఒక పోగు తీసి చూపించినాను.

"ఇది మొత్తం ఒక్క కణం తెలుసా? గింజ చర్మం మీద పుట్టిన ఒక్క కణం ఇంత పొడుగు సాగింది. లోపలికి ఉప్పులు, చక్కెర లాక్కుంటుంది, వాటి వెంట నీళ్ళు వస్తాయి, నీళ్ళు ఉబ్బి గోడను తోస్తాయి, పోగు సాగుతుంది. కాయ పగిలినాక నీళ్ళన్నీ ఎగిరిపోతాయి, కణం చచ్చిపోతుంది. చచ్చినాక మిగిలిన గోడే దూది."

మామ ఆ పోగును వేళ్ళ మధ్య నలిపినాడు. ముప్పై ఏళ్ళుగా నలిపిన వేళ్ళే.

"అంటే నేను ఇన్నేండ్లు నేసినవి పీనుగులా?"

"ఒక రకంగా."

"ముందే సెప్పకూడదా. కాటికాపరి కూలి అడిగుందును."

ముందు సీట్లో ఒకాయన వెనక్కి తిరిగి మమ్మల్ని చూసినాడు. ఇద్దరం నవ్వుతాన్నాం. మామ చేతిలో తుమ్మెద గుర్రుమంటాంది. కాళ్ళు సగం చెప్పుల్లో, సగం బయట. వాపుకు పట్టడం మానేసినాయి.

ఇక తిండి. ఆస్పరి పిల్ల ఒక పట్టీ చెప్పింది: నీళ్ళు రోజుకు ఈ చిన్న బాటిలు, అంతే. కొబ్బరి నీళ్ళు వద్దు, అరటిపండు వద్దు, ఉప్పు దాదాపు వద్దు. ఆకుకూరలు, కాయగూరలు చిన్నగా తరిగి, ఎక్కువ నీళ్ళలో ఉడకబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, తర్వాత వండాల. "పొటాషియం ఎక్కువైతే గుండె ఆగిపోతాది పెదనాయనా. నొప్పి గిప్పి ఏముండదు. టక్కున." ఇదంతా మామ విన్నాడు. నేను విన్నాను. అవ్వ ఎమ్మిగనూరులో ఉంది. ఆమెకు చెప్పే బాధ్యత సహజంగానే ఇంట్లో చదువుకున్నవాడిది.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాల. నేతగాళ్ళ ఇంట్లో వార్చిన నీళ్ళు పారబోయడమనేది లేదు. అన్నం వార్చిన గంజి పడుగు నూలుకు పట్టిస్తారు. పోగు తెగకుండా దానికి సత్తువ. ఆకుకూర, కందిబేడలు వార్చిన నీళ్ళయితే బస్సారు. ఇది కన్నడ మాట. అవ్వ పుట్టింది సరిహద్దు పల్లెలో. ఆకూ బేడలూ ఉడకబెట్టి, నీళ్ళు వంచి, ఆ నీళ్ళకు చింతపండు పులుసు, తెల్లగడ్డ, ఎండుమిరపకాయ తాళింపు వేస్తే బస్సారు. ఉడికిన ఆకు విడిగా తాళింపు. ఒక పొయ్యి, రెండు కూరలు. వానలు ఎగ్గొట్టిన ఏళ్ళలో ఆకు పిల్లలకు పెట్టి, ఆ నీళ్ళు తాగి పెద్దవాళ్ళు పనికి పోయినారని అవ్వ చెప్తుంది. ఆమె లెక్కలో ఆకు అనేది పిప్పి. అసలు కూర నీళ్ళే.

ఆమెను పట్టుకొని "పారబోయి" అంటే పారబోస్తుందా? కాబట్టి నేను శాస్త్రీయంగా పోయినాను. బొగ్గు తీసుకున్నాను.

"ఇది ఆకులో ఉండే కణం అవ్వా. ఇట్లాంటివి ఒక ఆకులో లక్షలు. ఇది దాని తోలు. ఈ తోలుకు తలుపులుంటాయి. ఏది లోపలికి రావాల, ఏది బయటికి పోవాల, అన్నిటికీ ఒక లెక్క. పొటాషియం అనే ఉప్పు లోపల ఎక్కువ, బయట తక్కువ. అట్ల ఉంచేదానికి ఈ తోలు రాత్రింబగళ్ళు పని చేస్తుంది. మన ఒంట్లో కణమైతే మూడు సోడియాలను బయటికి తోసి, రెండు పొటాషియాలను లోపలికి లాగుతుంది. మళ్ళీ మూడు, మళ్ళీ రెండు."

"మగ్గం మాదిరి" అంది అవ్వ.

"మగ్గం మాదిరే. ఒక్క క్షణం ఆగదు. లోపలికీ బయటికీ ఆ తేడా ఉంటేనే నరం కదులుతుంది, గుండె కొట్టుకుంటుంది."

"దాంతోనేనా గుండె కొట్టుకునేది?"

"దాంతోనే. ఇప్పుడు ఆకును ఉడకబెట్టినావనుకో. ఈ తోలు చినిగిపోతుంది. లోపలున్న పొటాషియం అంతా నీళ్ళలోకి దిగిపోతుంది. ఆకులో ఏమీ మిగలదు. ఆ ఆకు మామకి పెట్టు."

"సత్తువంతా నీళ్ళలోకి దిగిపోతాదన్నమాట."

"అదే! అంతా నీళ్ళలోకే."

ఆ రోజు నాకు చాలా సంతోషమయింది. బడి మొహం చూడని మనిషికి త్వచం, పంపు, ఉప్పుల తేడా అన్నీ ఒక్క బొమ్మతో ఎక్కించినాను. గుంత గట్టు మీద కూర్చొని మామ కూడా వింటున్నాడు. "మా యమ్మకి ఇంటర్ పరీచ్చ కట్టించురా. నీ మాదిరి తప్పదు" అన్నాడు. నేను బొగ్గు చేతులు కడుక్కొని, చివర్లో, బయటికి పోతా పోతా అన్నాను: "నీళ్ళు పారబోయి అవ్వా." అది పాఠంలో అన్నిటికంటే చిన్న వాక్యం. దానికి బొమ్మ లేదు.

మూడు నాలుగు నెలలు అంతా సక్రమంగానే జరిగినట్టు కనపడింది. అవ్వ ఆకును ఉడకబెట్టి, గుడ్డలో వేసి, చీర పిండినట్టు పిండేది. మామ కంచం చూసి, "దీన్ని ఎద్దుకు పెడితే కేసు పెడతాది" అనేవాడు. ఉప్పు లేదు, పులుపు లేదు. అయినా గమ్మున తినేవాడు.

తర్వాత రక్తపరీక్షలో పొటాషియం ఎక్కడం మొదలయింది. ఆస్పరి పిల్ల కాగితం ఆడిస్తా నిలదీసింది.

"ఏం తిన్నావు పెదనాయనా? నిజం సెప్పు."

"గడ్డి."

"అరటిపండు తిన్నావా? కొబ్బరినీళ్ళా?"

"నా మొహం సూస్తే కొబ్బరినీళ్ళు తాగే మొహం మాదిరి ఉండాదా తల్లీ?"

"ఇంటి దగ్గర ఎవరు చూసుకుంటారు తిండి?" అని నా దిక్కు తిరిగింది.

నేను అరటిపండే అని తేల్చేసినాను. ఎమ్మిగనూరు బస్టాండులో పండ్ల బండి ఆయన్ను ఆరా తీసినాను. బట్టతల, పొడుగు, చేతికి పట్టీ, ఇట్లాంటి మనిషి నీ దగ్గర కొంటాడా అని. బండి ఆయన అదే రోజు మామకు చెప్పేసినాడు.

"నా మీద సీఐడీని పెట్టినావంట గదరా అల్లుడా."

"తిన్నావా లేదా?"

"తినింటే తొక్క నీ సంచిలోనే ఏసుందును. సాచ్చ్యం నీ మీద పడేదానికి."

నేను నవ్వినాను. అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. అడగలేదు. నవ్వు వచ్చినాక ప్రశ్నలు గుర్తుండవు. అది ఆయన విద్య.

ఒక గురువారం పొద్దున ఆదోని బస్టాండులో ఆసుపత్రి దిక్కు పోయే బస్సు ఎక్కబోతే మామ కాలు లేవలేదు. మెట్టు మీద పెట్టబోయి నేల మీదే పెట్టినాడు. రెండోసారి చేత్తో తొడ పట్టుకొని ఎత్తి పెట్టుకున్నాడు. "మెట్టు ఎత్తు పెంచినట్టుండారు" అన్నాడు. ఆయన వెనక నేను, రెండు చేతులతో నడుము తోస్తా, "మరి టికెట్టు పెంచినారంటే ఊరికేనా" అన్నాను. కండక్టరు ఈల వేసినాడు.

ఆ వచ్చే ఆదివారం ఎమ్మిగనూరులో తోటి లెక్చరరు పెళ్ళి. నేను సాధారణంగా ఆదివారాలు పోను. ఆ రోజు పెళ్ళి భోజనం బంతి ఆలస్యమైతాంటే మధ్యాహ్నం చెప్పకుండా ఇంటికి పోయినాను. వాకిట్లోనే తెల్లగడ్డ తాళింపు వాసన తగిలింది. చాలా మంచి వాసన. చాలా రోజులయింది ఆ ఇంట్లో వాసన అనేది నాకు తగిలి.

వంటింట్లో అవ్వ అల్యూమినియం గిన్నెలోంచి కంచు గ్లాసులోకి ఏదో వంచుతాంది. ముదురాకుపచ్చ నీళ్ళు, పైన ఎండుమిరపకాయ ముక్క తేలుతాంది. నేను ఆమె వెనకాలే నడిచినాను. మగ్గం గది గోడకు ఆనుకొని మామ కూర్చొని ఉన్నాడు. రెండు చేతులూ చాపి గ్లాసు అందుకున్నాడు. కళ్ళు మూసుకొని తాగినాడు. కళ్ళు తెరిస్తే ఎదురుగా నేను.

"వచ్చినాడు సీఐడీ" అన్నాడు.

"అవ్వా, ఏమిది?"

"బస్సారు నాయనా."

"ఎన్నాళ్ళ నుంచి ఇస్తాండావు?"

"నీవు ఆ బొమ్మ గీసినప్పటి నుంచి. నీవే సెప్తివి గదప్పా, సత్తువంతా నీళ్ళలోకి దిగుతాదని, దాంతోనే గుండె కొట్టుకునేదని. నీళ్ళు ఎక్కువ తాగకూడదంటిరి గదా, అందుకే మొదట్లో ఒక గుక్కెడే పోస్తాంటి. మనిషి నీరసపడతాండాడు, కాళ్ళు లేయడం లేదు. అందుకని ఇప్పుడు అర గ్లాసు పోస్తాండా. రెండు పూటలా."

ఆమె మొహంలో ఎక్కడా తప్పు చేసినట్టు లేదు. ఉన్న నీళ్ళ లెక్కలోనే కొడుకుకు మందు సర్దిన మనిషి మొహం అది. ఆకు ఎంత గట్టిగా పిండిందో, అంతా ఆ గ్లాసులో ఉంది. నీరసపడేకొద్దీ గ్లాసు పెరిగింది. గ్లాసు పెరిగేకొద్దీ నీరసం.

ఆమె గిన్నె కడిగేదానికి పెరట్లోకి పోయినాక మామ పక్కన కూలబడినాను.

"నీకు తెలుసు."

"తెల్సు."

"ఆ పిల్ల చెప్పినప్పుడు నువ్వూ ఉండావు. ఏంటికి తాగినావు మామా?"

"రుచిగా ఉండాది."

"మామా."

"నిజమేరా. రోజంతా గడ్డి, బాటిలెడు నీళ్ళు. ఇదొక్కటే తిండి అనిపిస్తాది. మొదట వద్దంటి. ఆ పూట ఆమె కూడా తినకుండా పండుకున్యాది. సరే ఒక గుక్కెడే గదా అని..." చేతిలో గ్లాసు తిప్పి చూసుకున్నాడు. అడుగున ఏమీ మిగల్లేదు.

"లేయి. ఆటో పిలుస్తాను. ఇప్పుడే ఆదోని పోదాం."

"ఆదివారం మిషన్ యాడ తీస్తారు?"

"అత్యవసరమంటే తీస్తారు. తియ్యకపోతే కర్నూలు."

"ఒరే, ఇను. రేపు పొద్దున ఎట్లయినా ఎక్కుతా గదా మిషన్. నాలుగు గంటల్లో అంతా లాగేస్తాది. ఇప్పుడు నీవు ఉరుకులు పరుగులు పెడితే, ముసల్ది ఏమి, ఏంటికి అని అడుగుతాది. సెప్పాల్సొస్తాది. సెప్తే గోడకు తలకాయ కొట్టుకుంటాది." వంటింటి గోడ దిక్కు చూసినాడు. "నీ బొమ్మ పాడైతాది."

నేను నవ్వినాను.

దీన్ని ఎన్ని రకాలుగా రాసినా ఇంతే ఉంటుంది, కాబట్టి ఒకసారే రాస్తాను. నేను నవ్వినాను. ఆయన సూది గుచ్చినాడు, గాలి పోయింది, నేను మళ్ళీ కూర్చున్నాను. గురువారం నుంచి సోమవారం దాకా ఎడం ఎక్కువ, అన్నీ పేరుకుపోయి ఉండేది ఆదివారమే అని నాకు తెలుసు. కాలు మెట్టు మీదికి లేవలేదంటే ఏమిటో తెలుసు. కాలి కండరం తర్వాత వరుసలో ఉండేది ఏదో కూడా తెలుసు. పరీక్షలో వస్తే పూర్తి మార్కులు. అయినా ఒక ముసలామె ముందు రభస చేయడం ఇష్టంలేక, ఒక పూటే గదా అనుకున్నాను. ఆ ఇంట్లో పెరిగినవాడికి రభస చేయడం రాదు.

పోతా పోతా అవ్వకు మాత్రం చెప్పినాను: "మందు మార్చినారవ్వా. ఇంకమీద మామకు బస్సారు వద్దు. రేపు పొద్దున కూడా ఇయ్యొద్దు. అంతగా ఉంటే నాకు పెట్టు."

"నీకేంటికప్పా, నీకు సత్తువ లేకనా?" అని నవ్వింది.

పెళ్ళికి తిరిగి పోయి రెండో బంతిలో తిన్నాను. అరటిపండు కూడా వేసినారు.

సోమవారం పొద్దున బస్సు టైముకే వచ్చింది. జనం దిగినారు. మామ దిగలేదు. కిటికీ పక్కన తల ఆనించుకొని కూర్చొని ఉన్నాడు, నాలుగో వరుసలో. నేను ఎక్కి పోయి పక్కన నిలబడినాను.

"దిగు మామా. కూర్చున్నందుకు బాడుగ అడుగుతారు."

జవాబు రాలేదు. ఆయన దగ్గర జవాబు రాకపోవడం అదే మొదటిసారి. ఇంకా మంచిది ఏదో తయారు చేస్తున్నాడనుకొని ఒక క్షణం కాచుకున్నాను కూడా. తర్వాత ఎడమ చేయి పట్టుకున్నాను. పట్టీ కింద నరం మీద వేళ్ళు పెట్టినాను. తుమ్మెద లేదు. వేళ్ళు జరిపి జరిపి వెతికినాను. మోచేతి దాకా పోయినాను.

వెనక సీటు ఆడమనిషి, "నిద్దరపోతాండాడనుకుంటిమి నాయనా. నడిమిదోవలో ఒకసారి దగ్గినాడంతే" అంది. టక్కున, నొప్పి లేకుండా అని ఆస్పరి పిల్ల చెప్పింది గదా. ఆమె మాట తప్పదు.

మామను ఆసుపత్రికి తీసుకుపోతే ఆస్పరి పిల్ల వాకిట్లోకే వచ్చింది, చేతికి తొడుగులు అట్లనే ఉన్నాయి. నా మొహం చూసి, గొంతు తగ్గించి అడిగింది. "నిన్న ఏం తిన్నాడన్నా?"

"అరటిపండు" అన్నాను.

"అనుకుంటి. ఎంత సెప్పినా ఇనలేదు పెదనాయన." కళ్ళు తుడుచుకుంది.

మామ అట్ల అరటిపండు దొంగగా పోయినాడు. ఆయన చేయని తప్పు అదొక్కటే. వింటే ఒప్పుకునేవాడనే నా నమ్మకం. తొక్క మాత్రం నా సంచిలో వేసేవాడు.

దినాలయిపోయినాక అమ్మానాన్నలు అవ్వను హాలహర్వి రమ్మన్నారు. మగ్గం వదిలి రానంది. ఇప్పుడు ఆదివారాలు నేను పోతున్నాను. మొదటి ఆదివారం ఆమె వంటింట్లో నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకొని చెప్పింది.

"నాకు తెల్సప్పా ఎందుకు పోయినాడో."

ఎవరు చెప్పినారు? ఆస్పరి పిల్లా? పండ్ల బండి ఆయనా?

"ఆదివారం రాత్రీ, సోమవారం పొద్దునా పోయలేదు. నీవు వద్దంటివని పోయలేదు. రోజూ తాగే మనిషికి ఆ రెండు పూటలు తప్పిపాయె. గుండెకు సత్తువ సాల్లేదు." నా మోకాలి మీద చేయి వేసింది. "నీవేమీ మనసులో పెట్టుకోవద్దు. నీకేమి తెలుసు, డాకటరు సెప్పింది సెప్తివి. నేనే తెలివి తెచ్చుకొని పోయాల్సింది. ముందు నుంచి గ్లాసు నిండా పోసింటే ఇంకా నాలుగేండ్లు ఉండేవాడు. అర గ్లాసు అర గ్లాసు అని పిసినారితనం సేస్తి."

నేను నోరు తెరిచినాను. ఏం చెప్పడానికి తెరిచినానో ఇప్పటికీ తెలీదు. ఆ బొమ్మనే మళ్ళీ గీసి, ఈసారి సరిగ్గా చెప్పొచ్చు. లోపల ఉండాల్సింది బయట ఎక్కువైతే తేడా పోతుంది, తేడా పోతే గుండెకు ఎప్పుడు కొట్టుకోవాలో తెలీదు, అని. ఆమె ఒక్కసారి వింటే చాలు, పట్టేస్తుంది. మంచి విద్యార్థి. ఆ తర్వాత ఆ ఇంట్లో ఒక్కతే ఉంటుంది, రెండు పూటలా ఆ పొయ్యి ముందర.

నోరు మూసుకున్నాను. చేయని తప్పుకు ఆమె నన్ను క్షమించేసింది. చేసిన దానికి క్షమాపణ అడిగే దారి లేదు.

జూన్‌లో మళ్ళీ ఆ పాఠం వచ్చింది. ఏటా ఆ పాఠానికి నా దగ్గర నాలుగు జోకులుండేవి, మిల్లు గేటు వాచ్‌మన్ మీద ఒకటి, బంతి భోజనాల మీద ఒకటి. ఈసారి పుస్తకం చూసి చదివినాను. మొదటి బెంచీ అమ్మాయి అడిగింది: "సార్, మూడు బయటికి, రెండు లోపలికి అంటున్నారు. ఆ పంపు ఆగిపోతే ఏమవుతుంది సార్?" "పరీక్షలో రాదు" అన్నాను. నిజానికి వస్తుంది.

నిన్న ఆదివారం పోయినాను. వాకిట్లోనే తెల్లగడ్డ వాసన. అవ్వ కంచు గ్లాసు కడిగి, నిండా, అంచు దాకా పోసి ఇచ్చింది. పైన ఎండుమిరపకాయ ముక్క. తాగినాను. ఉప్పు లేదు. ఇన్ని నెలలు ఉప్పు లేకుండా వండిన చేయి, ఉప్పు డబ్బా దిక్కే పోవడం మర్చిపోయినట్టుంది.

"ఎట్లుండాదప్పా?"

"బాగుందవ్వా."

"సత్తువగా ఉండాదా?"

గోడ మీద నా కణానికి కొత్త బొట్టు పెట్టింది, ఇంకా తడి ఆరలేదు.

"ఉంది" అని గ్లాసు ముందుకు జరిపినాను. మళ్ళీ నిండా పోసింది.